ఏప్రిల్ సగటు

మా అక్క భర్త మిన్నెసోటాలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు డాక్టరుగా పనిచేశారు. రిటైరయ్యాక ఊరి బయట తమ పొలంలో మాంసానికి అమ్మే పశువులను పెంచుతానన్నారు. అక్క ఒకే షరతు పెట్టింది. ఒక్క ఈత చూస్తుంది, మంద నిలదొక్కుకుంటే సరే, లేకపోతే టెక్సాస్‌లోని ప్లేనోలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోవాలి. బావగారికి ఆ పొలం వదలడం ఇష్టం లేదు. ఏ జాతి పెంచాలో తేల్చమని నన్ను అడిగారు.

నేను పశువుల మనిషిని కాను. నేపర్‌విల్‌లో ఒక గిడ్డంగి సరుకు లెక్కలు చూస్తాను. అవి కూడా ఎవరూ నేర్పినవి కావు. నాలుగు నెలలు చదివి కంప్యూటర్‌లో ఒక షీట్ తయారుచేశాను. హైలాండ్ ఆవుకు రెండు పొరల బొచ్చు, మంచులోనే నిలబడి ఎండుగడ్డితో సరిపెట్టుకుంటుంది, కానీ దాని దూడ అమ్మకపు బరువుకు రావడానికి చాలా కాలం పడుతుంది. హెర్‌ఫర్డ్ సాధువైనది, చలికి ఓర్చుకుంటుంది. యాంగస్ నల్లనిది, సంత వేలంలో నల్ల దూడకే ముందు చేయి లేస్తుంది. యాంగస్ ఆవులు కొని, పక్క పొలం రైతు దగ్గరున్న హెర్‌ఫర్డ్ ఆబోతుతో కట్టించమని రాశాను.

బావగారు షీటు కిందిదాకా చూశారు.

“ఇందులో మన ఒంగోలు లేదేంటోయ్ బామ్మర్దీ?”

టెక్సాస్‌లో ఆయన ఒక బ్రామన్ ఆబోతును చూసి వచ్చారు. ఒంగోలు రక్తం కలిసిన జాతి అది. తెల్లటి ఒళ్లు, మూపురం, వేలాడే గంగడోలు, పొడుగాటి చెవులు.

“అది ఎండల్లో బతికేది బావగారూ. ఇక్కడ తట్టుకోలేదు.”

“నేను తట్టుకోలేదూ? ముప్పై వింటర్లు స్నోలో డ్రైవ్ చేశా. పైగా నాకు మూపురం కూడా లేదు.”

“పెద్దవాటి సంగతి కాదు, దూడల సంగతి.”

“ఈతలు ఏప్రిల్‌లో కదా. చెక్ చెయ్యి.”

చూశాను. ఏప్రిల్ సగటు ఉష్ణోగ్రత నీరు గడ్డకట్టే స్థాయికి పైనే ఉంది. బ్రామన్‌కు ఒక వరుస చేర్చి, ఆ అంకే వేసి, సరే అన్నట్టు ఆకుపచ్చ రంగు పెట్టాను. ఆ నెలలో అతి చలి రోజు ఎంతవరకు దిగుతుందో పక్క గడిలోనే ఉంది. అది వాడలేదు. ఆయన ముఖం చూసి వాడలేదు.

ఇరవై నాలుగు యాంగస్ ఆవులు కొన్నారు. పన్నెండింటిని టెక్సాస్ నుంచి కొని తెచ్చిన ఆ బ్రామన్ ఆబోతుకు, పన్నెండింటిని హెర్‌ఫర్డ్‌కు కట్టించారు. ఈతల వారంలో మంచు కలిసిన వాన, వెనకే ఉత్తరపు గాలి. నేను వెళ్లేసరికి హెర్‌ఫర్డ్ దూడలు పన్నెండూ పాలు తాగుతున్నాయి. బ్రామన్ దూడల్లో అయిదు లేచి నిలబడనే లేదు. మిగిలిన ఏడింటికి పలచని బొచ్చు తడిసి ఒంటికి అంటుకుపోయింది. తర్వాత వాటి చెవుల కొసలు నల్లబడి రాలిపోయాయి.

శరదృతువులో దూడలను సంతకు తోలారు. ఆ ఏడు బ్రామన్ దూడలూ లోపలికి రాగానే కొనేవాళ్లు చేయెత్తకుండా కాగితాల్లోకి చూసుకున్నారు. ఉత్తరాదిన పొడుగు చెవి కనిపిస్తే రేటు తగ్గిస్తారట, చలికాలం మేత తిన్నా ఒళ్లు పట్టదని.

“సగం చెవి రాలినా,” అన్నాడు మా పక్కన కూర్చున్న ఆ హెర్‌ఫర్డ్ రైతు, “మిగిలిన సగం వాళ్లకి కనిపిస్తుంది డాక్టర్.”

తిరుగు దారిలో బండి నడుపుతూ బావగారు అడిగారు.

“మన షీట్‌లో తప్పెక్కడుందోయ్?”

“సగటు తీసుకున్నాను. అతి చలి రోజు తీసుకోవాల్సింది. అప్పుడే తెలుసు నాకు. చెప్పినా మీరు వినరనుకున్నాను.”

“వినేవాణ్ణోయ్. ముప్పై ఏళ్లు నంబర్లు చూసే మందులు రాశాను.”

నెల తిరక్కుండా ఆవులన్నిటినీ ఆ రైతే తీసుకున్నాడు. ఆబోతును మాత్రం వద్దన్నాడు. దాన్ని సంతలో మాంసానికి, తూకం లెక్కన అమ్మారు. ప్లేనోకు సామాను సర్దుతూ అక్క ఫోన్‌లో ఆ మాట చెప్పింది. ఎంత తూగిందని నేను అడగలేదు.