కుడి ముందు చక్రం

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఉద్యోగంలో కుదురుకున్నాక నేను కొన్న సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారుకి బ్రేకులు పెద్దవి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కీచుమనేవి, కాసేపటికి సర్దుకునేవి. మొదట్లో భయపడి మెకానిక్‌కి చూపిస్తే, ఇలాంటి కార్లకి అది మామూలేనన్నాడు. అప్పటినుంచి ఆ కారు ఏ చప్పుడు చేసినా నా దగ్గర అదే జవాబు.

ఒక ఏప్రిల్ శనివారం మంచు కోసం వేసే చలికాలపు చక్రాలు తీసి, వేసవివి నేనే బిగించాను. మర్నాడు పొద్దున నా భార్య, ఆరేళ్ల కూతురుతో కలిసి లైప్‌జిగ్‌లో స్నేహితుల ఇంటికి బయలుదేరాను. ఆటోబాన్ హైవే ఎక్కిన అరగంటకి ముందువైపు నుంచి టక్ టక్‌మని మొదలైంది.

"ఏందా సప్పుడు?" అంది నా భార్య.

"బ్రేకులే. సల్లగున్నయ్."

"అరగంట నుంచి పోతున్నం. ఇంకా సల్లగనే ఉంటయా?"

బ్రేకు మెల్లగా తొక్కి చూశాను. కీచుమనలేదు, టక్ టక్ ఆగలేదు. వేగం తగ్గిస్తే చప్పుడు కూడా నెమ్మదించింది, పెంచితే దగ్గరపడింది. అది చక్రంతో పాటే తిరుగుతోంది. స్టీరింగ్ వణికింది. వెనక సీట్లోంచి పాప, ఏం కొట్టుకుంటోందని జర్మన్‌లో అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. చివరి చక్రానికి బోల్టులు చేత్తో తిప్పి పెట్టి, జాకీ దించుతుండగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడి లోపలికి వెళ్లిపోయాను. రెంచ్‌తో బిగించిన జ్ఞాపకం ఎంత వెతికినా దొరకలేదు.

"పక్కకు ఆపు. ఇప్పుడే ఆపు," అంది తను.

పక్కనే లారీ. అది దాటిపోయాక, బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం ఊడిపోతుందేమోనని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, కారుని దానంతట అది నెమ్మదించనిచ్చాను. రోడ్డు అంచున ఆగాక వాళ్లిద్దరినీ ఇనుప కంచె అవతలికి పంపి, కుడి ముందు చక్రం దగ్గర కూర్చున్నాను. ఐదు బోల్టుల్లో ఒకటి లేదు. ఇంకో రెండు వేలితో తిప్పితేనే తిరిగాయి.

"నువ్వే గదా బిగించింది?" అని కంచె అవతల నుంచి అడిగింది.

"ఫోన్ వచ్చింది. మర్చిపోయిన."

తను పాపని దగ్గరికి లాక్కుని, పోతున్న లారీల వైపు చూస్తూ నిలబడింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

కారు లాక్కెళ్లడానికి వచ్చిన పెద్దాయన రిమ్ము వైపు వేలు చూపించాడు. బోల్టు రంధ్రాలు అరిగి కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయాయి. "ఇంకాస్త దూరం పోయుంటే చక్రం మీకంటే ముందు వెళ్లేది," అన్నాడు. మర్నాడు గ్యారేజీలో ఆ రిమ్ము పక్కన పడేసి, బోల్టులన్నీ కొత్తవి వేశారు. యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలని రెండుసార్లు చెప్పి పంపారు. నలభై దాటగానే ఒక పార్కింగ్‌లో ఆపి బిగించాను. ఒక్కటీ కదల్లేదు. అయినా ఐదింటినీ ఇంకోసారి రెంచ్‌తో పట్టి చూశాను.

రెండు నెలలు మా ఇంట్లో అందరం ట్రామ్ ఎక్కాం. తర్వాత తనే ఒకరోజు తాళాలు నా చేతిలో పెట్టి, "నిదానంగ పో," అంది. ఇప్పటికీ ఆ కారులో పాటలు పెట్టనివ్వను.