చప్పుడు లేని మోటారు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పుట్టింట్లో, అత్తింట్లో, పడవ రేవులో అందరికీ తెలిసిన సంగతే. అలాంటి నేను ఒకే ఒక్క మాటని ఇన్నాళ్ళుగా కడుపులో దాచుకుని తిరుగుతున్నానంటే, అదంతా ఆ దిక్కుమాలిన మోటారు వల్లే.

మా లంకకి వంతెన లేదు. చుట్టూ గోదారే. బియ్యం బస్తా తేవాలన్నా, పన్ను పీకించుకోవాలన్నా పడవెక్కాల్సిందే. కాపురానికొచ్చిన కొత్తలో సాయంత్రం ఆఖరి పడవ వెళ్ళిపోతుంటే నాకు ఊపిరాడేది కాదు. బీఈడీ చదివినదాన్ని. అరటితోట పని చూసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ టీచరు పోస్టుల పరీక్షలు రాస్తూనే వచ్చాను. ప్రతిసారీ కొద్దిలో పోయేది. ఈసారిది ఆఖరిది. వయసు దాటిపోతోంది, ఇక మళ్ళీ రాయనివ్వరు. ఈ సంగతి నాకూ మా ఆయనకీ తప్ప ఎవరికీ తెలీదు. అత్తయ్యగారికి చెబితే నాకంటే ముందు ఆవిడ మంచం పడుతుందని చెప్పలేదు.

సరిగ్గా ఆ పరీక్షకి ముందే మా ఆయన పడవకున్న పాత డీజిలింజను పీకేసి కరెంటు మోటారు పెట్టించారు. బ్యాటరీతో నడుస్తుంది. పడవ వెనక బిగిస్తే నీళ్ళలో చిన్న ఫ్యాను తిరుగుతుంది, అంతే. పొగ లేదు, కంపు లేదు, చప్పుడు అసలే లేదు. పాత ఇంజను దడదడకి పడవలో ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడేది కాదు. "ఇప్పుడు నీ తిట్లు ఒక్కటీ పోకుండా వినపడుతున్నాయే" అని ఆయన వేళాకోళం. ఆ సంబరంలో తెడ్లు కూడా ఇంట్లో పడేశారు. వద్దండీ, ఉండనివ్వండీ అంటే వింటేగా!

మా ఇంట్లో ఒక పద్ధతుంది. ముఖ్యమైన పనిమీద ఎవరైనా గోదారి దాటుతుంటే నడిమధ్యన చీర, జాకెట్టు ముక్క, పసుపు కుంకుమ నీళ్ళలో వదులుతారు. ఇంజను ఆపడం మగవాళ్ళ పని, చీర వదలడం ఆడవాళ్ళ పని. ఆపాను అని ఎవరూ చెప్పక్కర్లేదు. దడదడ ఆగి గోదారి నిశ్శబ్దమైందంటే వెంటనే దణ్ణం పెట్టుకుని చీర వదిలెయ్యడమే.

పరీక్ష రోజు పొద్దున్నే అత్తయ్యగారు కూడా పడవెక్కేశారు. ఒళ్ళో ఆకుపచ్చ నేతచీర, తను కట్టుకోడానికి కొనుక్కుని మడత కూడా విప్పనిది. "ఈసారి నీకు ఉద్యోగం రాకపోతే నన్నడుగమ్మాయ్" అంటూ వెనకాల కొడుకు పక్కనే కూర్చున్నారు.

నడి గోదారికొచ్చాక మా ఆయన స్పీడు తగ్గించారు. నీటి వడికి పడవ కొట్టుకుపోకుండా మెల్లగా తిప్పుతూ నిలబెట్టి, ఇక ఆపుదామని స్విచ్చు మీద చెయ్యి వేశారు. ఎక్కడా చప్పుడు లేదు. అత్తయ్యగారు కళ్ళు మూసుకుని, నా పేరు చెప్పి దణ్ణం పెట్టి చీర వదిలేశారు.

"ఆగమ్మా!" అని ఆయన అరిచేసరికే చీర ఫ్యానుకి చుట్టేసుకుంది. మోటారు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది.

"అదేంట్రా, ఆపలేదా? చప్పుడు లేదు కదరా!" అన్నారావిడ.

పడవ అడ్డం తిరిగి దిగువకి కొట్టుకుపోయి ఇసుక మేటకి తగులుకుంది. ఆయన మోటారు పైకెత్తి కత్తితో చీర ముక్కలు ముక్కలుగా కోసి తీశారు. అయినా అది తిరగలేదు. దిగి నడుద్దామంటే మేటకి అటూ ఇటూ నిలువులోతు నీళ్ళు. ఊళ్ళో వాళ్ళకి ఫోన్లు చేస్తే పడవలన్నీ అరటిగెలలేసుకుని రావులపాలెం మార్కెట్టుకని వెళ్ళాయట. రేవులో గెలలు దింపి వస్తూ ఎక్కించుకుంటామన్నారు.

ఎదురుగా గట్టు. గట్టు మీద ఆటోలు. వాటి హారన్లు కూడా వినపడుతున్నాయి. హాల్‌టికెట్టు పట్టుకుని ఆ ఇసుకలో నిలబడ్డాను. గేటు మూశాక నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు. నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. మోటారుని తిట్టాను, తెడ్లు తీసేసినందుకు మా ఆయన్ని తిట్టాను, ఈ లంకలో పిల్లనిచ్చినందుకు మా నాన్నని తిట్టాను. ఆయన తలొంచుకుని అన్నీ పడ్డారు. అత్తయ్యగారిని మాత్రం ఏమీ అనలేకపోయాను. ఆవిడ చిరిగిన పచ్చ పేలికలన్నీ ఏరి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకు మంచి జరగాలనే కదా వదిలింది! ఏమని తిట్టను?

గేటు మూసే వేళ దాటిపోయింది. నేను ఇసుకలో కూలబడి ఏడ్చేశాను. ఆవిడే లేచొచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"పోన్లేమ్మా, ఏడవకు. వచ్చేసారి రాద్దువుగాని."

మా ఆయన నోరు తెరిచారు. నేను కళ్ళెర్రజేసి చూశాను, మూసేశారు.

"అలాగేనండీ అత్తయ్యగారూ" అన్నాను.

అలా అన్న పాపానికి ఇప్పటికీ అంటూనే ఉన్నాను. మొదటి పడవలో పేపరు రాగానే ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని ఆ పేపరు నా ముందు పెడుతుంది. "చూడమ్మా, మీ పరీక్షలు పడ్డాయేమో." నేను పేజీలన్నీ తిప్పుతాను. పరీక్షలు పడ్డ రోజు కూడా అలాగే తిప్పాను.

"ఇంకా పడలేదండీ."

"పడతాయిలే. ఈసారి స్విచ్చు నేనే ఆపుతాను" అంటుంది.