అణిగిపోయిన చుక్కలు
చూపులేని పిల్లలకు చదువు చెప్పడం నేర్పే స్పెషల్ బీఈడీలో మేమంతా, వేళ్లతో తడిమి చదవాల్సిన బ్రెయిలీని కళ్లతోనే చదివి గట్టెక్కాం. ఉబ్బెత్తు చుక్కల మీద వెలుతురు ఏటవాలుగా పడితే చాలు. ఆ పుస్తకాలను నిలబెట్టే ఉంచాలని మాత్రం రోజూ చెప్పేవారు.

చోడవరం బడిలో ఉద్యోగంలో చేరేసరికి, ఏ మహానుభావుడు సర్దాడో, బ్రెయిలీ పుస్తకాలన్నీ మామూలు పుస్తకాల కట్టల కింద నలుగుతున్నాయి. కోటపాడు నుంచి బస్సులో వచ్చే చూపులేని పిల్లకు ఒకటి లాగి ఇచ్చాను. పేజీ అంతా తడిమింది.

"ఏటీ నేదు సార్. కాయితం నున్నగుంది."

ఇంకోటి ఇచ్చాను. అదీ అంతే.

కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే చుక్కలు లీలగా కనిపించాయి. ఆ గదిలో దాన్ని చదవగలిగింది, చూపున్న నేనొక్కణ్ణే.