వేటపాలెంలో ఒక్కసారే అడుగుతారు

సత్తెనపల్లి నుంచి వేటపాలెం దాకా సరదాకి వెళ్ళేవాళ్ళు ఎవరూ ఉండరు. నేను వెళ్ళింది ఇంగ్లీషు కోసం. రెండు వేల నాలుగులో, మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో. ముప్పై రోజుల్లో ఇంగ్లీషు వచ్చేస్తుందని అట్టమీద రాసిన పుస్తకం ఒకటి బస్టాండులో కొని, రెండేళ్ళుగా చదువుతున్నాను. అప్పటికి మూడు ఇంటర్వ్యూలకు వెళ్ళాను. మూడింట్లోనూ నా పేరు చెప్పాక నోరు పెగల్లేదు. వేటపాలెంలో జీడిపప్పు ఎగుమతి చేసే ఒక కంపెనీలో, బయటి వ్యాపారులతో ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడే ఉద్యోగం ఉందని తెలిసి నాలుగోసారి బయలుదేరాను. ఇదీ పోతే ఇంట్లో కూర్చుని జాకెట్లు కుట్టాల్సిందే. మా అమ్మ అప్పటికే కుట్టుమిషన్ చూసి వచ్చింది.

ఉదయం ఐదున్నర బస్సు ఎక్కితే ఏడు లోపు గుంటూరు చేరవచ్చు. ఆ గంటంబావు నేను కుదురుగా కూర్చున్నది లేదు. గడియారం చూడటం, పుస్తకం తియ్యడం, మళ్ళీ సంచిలో పెట్టడం. కిటికీలోంచి కనబడిన ప్రతిదానికీ ఇంగ్లీషు పేరు వెతికాను. పత్తి కాటన్, మిరపకాయ చిల్లీ, కల్లానికి మాత్రం ఏమంటారో తట్టక చాలాసేపు అవస్థపడ్డాను. ఎర్రగా ఆరబోసిన కల్లాలేమో దారి పొడుగునా వస్తూనే ఉన్నాయి. బస్సు, టికెట్టు, డ్రైవరు, బ్రేకు అన్నీ నాకు చిన్నప్పటినుంచీ వచ్చినవే. వాటిని కలిపి ఒక మాటగా చెప్పడమే రాదు.

గుంటూరులో ఏడింటికి పొన్నూరు, బాపట్ల మీదుగా చీరాల వెళ్ళే బస్సు దొరికింది. ప్రాక్టీసు అవుతుందని కండక్టరుతో, "వన్ చీరాల, ప్లీజ్," అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ప్లీజులు తర్వాత చూద్దాంగానీ, చిల్లర తియ్యమ్మా," అన్నాడు. బస్సంతా నవ్వినట్టే అనిపించింది. నిజానికి సగంమంది నిద్రపోతున్నారు.

బాపట్లలో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయి. పేరు మస్తాన్‌బీ. నేను వెళ్ళే కంపెనీలోనే జీడిపప్పు గ్రేడింగులో పనిచేస్తుందట. టిఫిన్ డబ్బా మూత తీసి, "పులిహోర, తిందువుగాని రా అమ్మాయ్," అంది.

"వద్దక్కా, తినే వచ్చాను."

"కాసింత తిను."

"అయ్యో, నీకు సరిపోదు."

"మొహం చూస్తే తెలీట్లా? తిను," అని మూతలో పెట్టి చేతికిచ్చింది. రాత్రి నుంచి ఏమీ తినలేదేమో, మూత ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు. తొమ్మిదింటికి చీరాలలో దిగి, ఇద్దరం షేరింగ్ ఆటోలో వేటపాలెం చేరాం. రెండు బస్సులూ ఆటో కలిపి అప్పట్లో యాభై రూపాయల లోపే అయింది.

నన్ను లోపలికి పిలిచేసరికి పన్నెండు దాటింది. మేనేజరు ఢిల్లీ ఆవిడ. తెలుగు ఒక్క ముక్క రాదు. నేను కూర్చోగానే, "వుడ్ యూ లైక్ సమ్ టీ?" అంది. అది నా పుస్తకంలో ఇరవై రెండో పాఠం. "నో, థాంక్యూ, మేడమ్," అన్నాను. ఆవిడ తలూపి తనకొక్కదానికే తెప్పించుకుని తాగింది. మళ్ళీ అడుగుతుందని కాసేపు కప్పు వంకే చూశాను. అడగలేదు. తర్వాత ఏం చదివానో, కంప్యూటరు వచ్చో రాదో అడిగింది. తడబడుతూనే అన్నిటికీ జవాబు చెప్పాను. నోరు పెగిలింది. బిస్కట్లు ముందుకు జరిపితే వాటినీ వద్దన్నాను. చివరికి ఆవిడ ఫైలు మీద ఏదో రాసుకుని, సోమవారం నుంచి చేరతారా అని అడిగింది.

అడిగిన వెంటనే ఎగబడితే ఏం బాగుంటుంది? పెద్దవాళ్ళు ఏమిచ్చినా మొదట చెయ్యి చాపకూడదని పెంచారు మమ్మల్ని. "నో మేడమ్, ఇట్స్ ఆల్‌రైట్. వై ట్రబుల్ ఫర్ యూ?" అని నా నోరే అనేసింది. ఆవిడ ఒక క్షణం నన్ను చూసి ఫైలు మూసింది. "ఓకే. థాంక్యూ ఫర్ కమింగ్," అంది. నేను బయటికి వచ్చేశాను.

గేటు దగ్గర రేకుల షెడ్డు కింద మస్తాన్‌బీ అన్నం తింటోంది. జరిగింది చెప్పాను. ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఉద్యోగమిస్తానంటే వద్దన్నావా?"

"మళ్ళీ అడుగుతుందనుకున్నానక్కా."

"ఆవిడ ఒక్కసారే అడుగుద్ది. వచ్చిన కొత్తలో నన్నూ సైగచేసి అడిగింది, టీ తాగుతావా అని. మర్యాదకి వద్దన్నా. ఏడాదైంది, ఇప్పటిదాకా నా మొహాన టీ లేదు. తోటోళ్ళంతా తాగుతా ఉంటే చూస్తా కూర్చుంటా. పో, లోపలికి పో."

మళ్ళీ లోపలికి వెళ్ళాను. పుస్తకంలో దీనికి పాఠం లేదు. మా ఇళ్ళల్లో మొదటిసారి వద్దనేది మర్యాదకి, రెండోసారి మొహమాటానికి, మూడోసారి అడిగితేనే అసలు జవాబు చెబుతాం, మీరు ఒక్కసారే అడిగారు అని, వచ్చిన మాటలన్నీ కలిపి చెప్పాను. నిన్నా రేపూ అన్నీ కలిసిపోయిన ఇంగ్లీషు. అయినా ఎక్కడా ఆగలేదు. ఆవిడ పూర్తిగా విని, మరి నీకు ఏం కావాలి అని అడిగింది.

"జాబ్, మేడమ్," అన్నాను. "టీ ఆల్సో."

ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే, నాకు ఇంగ్లీషు రాకపోవడం మాటలు తెలియక కాదనిపిస్తుంది. కావలసింది కావాలని అడగడం తెలుగులోనూ నాకు అలవాటు లేదు. ఇంటర్వ్యూకి ఈ దారిన వెళ్ళేవాళ్ళకి ఒకటే సలహా. గుంటూరులో ఏడింటి బస్సు తప్పిపోనివ్వకండి, కడుపు నిండా తిని వెళ్ళండి, లోపల ఎవరైనా ఏదైనా అడిగితే మొదటిసారే అవుననండి. సోమవారం ఉద్యోగంలో చేరగానే మేడమ్ దగ్గరికి వెళ్ళి నేను మాట్లాడిన మొదటి ఇంగ్లీషు మాట, గ్రేడింగులో మస్తాన్‌బీకి టీ కావాలని. పదకొండింటికి మస్తాన్‌బీ ముందు టీ గ్లాసు పెట్టారు. ఆవిడ అటూ ఇటూ చూసి, "అబ్బే, నాకెందుకు," అంది. నేను లేచి వెళ్ళి రెండోసారి అడిగాను, మూడోసారీ అడిగాను.