కువైటమ్మ

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి జనం ఇళ్లకు వెళ్లిపోయాక, చర్చి వెనక రేకుల గదిలో నా దగ్గర ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకునే అమ్మాయిలు ఎప్పటిలాగే చాప పరుచుకుని కూర్చున్నారు. నా ఈడువాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మన రోజుల్లో పరదేశం వెళ్లి ఒకరింట్లో పిల్లల్ని సాకేదాన్ని ఆయా అనేవాళ్లు, ఇప్పుడు కొన్ని దేశాల్లో దానికి 'ఓ పేర్' అని పేరొచ్చింది. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు, ఓ పేరంటే ఏం పేరే అని అడిగితే ఆ పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆ ఇంట్లోనే ఉంటూ, వాళ్ల పిల్లల్ని చూసుకుంటూ, వాళ్ల భాష నేర్చుకుంటూ, ఇంటి మనిషిలా మెలగడమట. వినడానికి ముచ్చటగానే ఉంది. అయితే ఆ రోజు కొత్తగా వచ్చిన ఒకామె పాత పద్ధతిలో గల్ఫుకు ఆయాగా వెళ్తున్న మనిషి, ఒళ్లో మూడేళ్ల పిల్లవాడున్నాడు. అవతలివాళ్లు ఫోనులో అడగబోయే ప్రశ్నలకు జవాబులు వల్లిస్తూ "ఐ లవ్ చిల్డ్రన్ వెరీ మచ్, మేడమ్" అంటోంది. అమ్మ ముఖాన్ని తనవైపు తిప్పుకోవాలని ఆ పిల్లవాడు గడ్డం పట్టి లాగుతుంటే ఆ చేతిని మెల్లగా పక్కకు తోస్తోంది. వాక్యంలో తప్పేమీ లేదు. బాగుందమ్మా అనవలసిన నేను, మంచినీళ్ల నెపంతో లేచి బయట కుళాయి దగ్గరికి వెళ్లిపోయాను.

మాది జమ్మలమడుగు అవతల, పెన్న ఒడ్డున ఒక ఊరు. ఊరి పేరెందుకు లెండి, ఆ కాలంలో మా వైపు ఏ ఊరు చెప్పుకున్నా కథ ఇంచుమించు ఒకటే. ఊళ్లో రెండు పార్టీలు. పార్టీ అంటే జెండా అనుకునేరు. జెండాలు ఎన్నికలప్పుడు వచ్చి పోయేవి, పార్టీ మాత్రం పుట్టుకతో వచ్చేది. ఏ వీధిలో పుడితే ఆ పార్టీ, ఏ బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటే ఆ పార్టీ. ఎండాకాలం ఏట్లో చెలమల దగ్గర ఈ వీధి ఆడవాళ్లూ ఆ వీధి ఆడవాళ్లూ ఎదురుపడితే బిందెలు చప్పుడు చేసేవే గాని నోళ్లు పెగిలేవి కావు. మా తాతల నాడు మిషను వాళ్ల బడిలో అక్షరాలు దిద్దిన కుటుంబం కనుక నాకు పదో తరగతి దాకా చదువు అబ్బింది, కానీ పార్టీ నుంచి మాత్రం ఏ దేవుడూ మమ్మల్ని తప్పించలేదు.

మా ఆయన మా పార్టీ పెద్దాయన జీపు నడిపేవాడు. ఒక ఎన్నికల వేళ పోలింగు దగ్గర మొదలైన గొడవ ముదిరి, ఆ జీపులోంచి బాంబులు పడ్డాయి, అవతలి వీధి కుర్రవాడు ఒకడు చచ్చిపోయాడు. మా ఆయన చేతిలో ఉన్నది స్టీరింగే. అయినా కేసులో ఆయన పేరూ చేరింది, కొన్నాళ్లు కడప జైల్లో ఉండి బెయిలు మీద బయటికి వచ్చాడు గాని ఊళ్లో అడుగు పెట్టే వీలు లేకపోయింది. ప్రొద్దుటూరులో మా వదిన, అంటే మా ఆయనకు అక్క, మమ్మల్ని తన ఇంటికి తీసుకుపోయింది. వదిన భర్త బంగారు అంగళ్లకు నగలు చేసి ఇచ్చేవాడు. పిల్లల్లేని ఇల్లు అది. మా పాపకు అప్పుడు మూడో ఏడు. మేం మూటలు దించుకునేలోపే వదిన పాపను చంకనెత్తుకుని వీధి చివరిదాకా అందరికీ చూపించి వచ్చింది.

కేసున్న డ్రైవరుకు బండి ఎవరిస్తారు? మా ఆయన గోడ వైపు తిరిగి పడుకునే ఉండేవాడు. ఆ రోజుల్లో మా జిల్లాలో దిక్కు తోచని ఇంటికి కనిపించే దారి కువైట్ ఒక్కటే. వదిన భర్తకు తెలిసినవాళ్ల ద్వారా ఒక ఇల్లు కుదిరింది, పిల్లలతో ఇంగ్లీషులో మాట్లాడే ఆయా కావాలన్నారట. చదివిన చదువుకు నాకు ఇంగ్లీషు రాయడం వచ్చు, నోరు తెరిచి మాట్లాడటం రాదు. అందుకని ఇప్పుడు నేను కూర్చునే ఈ రేకుల గదికే అప్పుడు నేర్చుకోవడానికి వచ్చాను.

చెప్పేది ఒక రిటైరైన నర్సమ్మ. తెల్ల చీర, వెన్ను వంగని మనిషి. స్పూను అనబోయి మేం ఇస్పూను అంటే, ముందు ఆ 'ఇ'ని ఇంట్లో పెట్టి రండి అనేది. వాక్యాలు పుస్తకంలోంచి చెప్పేది కాదు. బిడ్డకు స్నానం చేయించడం, జ్వరం చూడటం, పాలు తాగనని మారాం చేస్తే బుజ్జగించడం, అన్నీ చేస్తూ చెప్పాలి. మొదట్లో దుప్పటిని చుట్టి బిడ్డలా పట్టుకునేవాళ్లం. తర్వాత నా వెంట వచ్చే మా పాపే అందరికీ బిడ్డయింది. "డోంట్ క్రై, బేబీ" అని ఒకరు, "ఓపెన్ యువర్ మౌత్, బేబీ" అని ఇంకొకరు, దాన్ని చేతుల మీద తిప్పుతుంటే కిలకిలా నవ్వేది. నా వంతు వచ్చినప్పుడు నేనూ దాన్ని పరాయి బిడ్డలా ఎత్తుకుని పేరేమిటని ఇంగ్లీషులో అడిగేదాన్ని. తరగతి అయ్యాక అందరం "సీ యూ టుమారో, బేబీ" అంటే, అది చేయి ఊపి ముద్దుముద్దుగా అదే మాట తిరిగి చెప్పేది. నా కూతురితోనే ఆడిన ఆ ఆటలో నేను దాన్ని వదిలిపెట్టడమే నేర్చుకుంటున్నానని అప్పుడు తట్టలేదు.

ఆ గదిలోనే మా ఊరి ఆమె ఒకతె ఉంది. చచ్చిపోయిన కుర్రవాడి అక్క. తమ్ముడే ఆధారమైన ఇల్లు అది, ఆమె కూడా కువైట్ దారే పట్టింది. మొదటి రోజు ఒకరినొకరు గుర్తుపట్టి చాపకు ఈ కొసన ఒకరం, ఆ కొసన ఒకరం కూర్చున్నాం. ఇవేవీ తెలియని నర్సమ్మ ఒక రోజు ఆమెను మేడమ్‌గా, నన్ను ఆయాగా నిలబెట్టింది. ఆమె నన్ను చూసి, వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి తిట్టింది. యూ బ్యాడ్ ఉమన్, టీ కోల్డ్, బేబీ డర్టీ, హౌస్ డర్టీ, యూ గో, యూ గో. గదంతా నవ్వింది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను, నా కళ్లు ఆమె చూసింది. ఏమీ తెలియని పాప, తిట్లు తనకేననుకుని బిక్కమొహం వేసి ఆమె కాళ్లనే చుట్టుకుంది. ఆమె వంగి దాన్ని ఎత్తుకుంది. అంతే, ఆ రోజు నుంచి నేను ఆమెను అక్కా అన్నాను. మా ఆయన మాట మాత్రం మా మధ్య చాలా ఏళ్లు రాలేదు.

ఎర్రగుంట్ల స్టేషనులో బొంబాయి బండి ఎక్కేటప్పుడు వదిన చంకలో ఉన్న పాప ఏడుస్తుందని అందరూ భయపడ్డారు. ఏడవలేదు. బండి కదులుతుంటే చేయి ఊపి "సీ యూ టుమారో" అంది.

కువైట్‌లో ఆ ఇంటివాళ్లు చెడ్డవాళ్లు కారు, ఆ మాట చెప్పకపోతే కళ్లు పోతాయి. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ నా మెడ విడిచేవాళ్లు కారు. శుక్రవారాలు అక్కడి చర్చి హాలులో మాలాంటి ఆయాలందరం చేరేవాళ్లం. సింహళం వాళ్లు, గోవా వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, మా కడప వాళ్లు, ఎవరి యాసలో వాళ్లం ఇంగ్లీషు మాట్లాడుకుంటూ, ఎవరి మేడమ్‌ను వాళ్లం వెక్కిరిస్తూ, వారానికి సరిపడా నవ్వుకునేవాళ్లం. అక్క కూడా వచ్చేది. ఒక శుక్రవారం ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మనిషి చేత వదిన ఒక క్యాసెట్టు పంపింది. హాలు మూలన టేప్ రికార్డరు పెట్టుకుని అక్కా నేనూ విన్నాం. పాప పాట పాడింది, అంకెలు చెప్పింది. చివర్న, రికార్డింగు ఆగిపోయిందనుకుని కాబోలు, "అమ్మా, ఇంగ సంగటి పెట్టుమా, ఆకలైతాంది" అంది. సరేలే రా అని పలికింది వదిన గొంతు. అక్క టేపు ఆపి నా చేయి పట్టుకుంది.

రెండేళ్లకు తిరిగి రావలసినదాన్ని. అప్పుడే ఆ ఇంట్లో మూడో బిడ్డ పుట్టింది, నువ్వు లేకుండా ఎలాగని మేడమ్ నా రెండు చేతులూ పట్టుకుంది. ఇంటి దగ్గర కేసు తేలలేదు, మా ఆయన కోలుకోలేదు, ఇవన్నీ నిజమే. కానీ ఆ పసిగుడ్డును ఒళ్లో పెట్టినప్పుడు నాకు ఉండిపోవాలనే అనిపించింది, అదీ నిజమే. ఇంకో రెండేళ్లు ఉన్నాను. ఆ బిడ్డ మొదటి అడుగు నా చీర కుచ్చిళ్లు పట్టుకుని వేసింది. నా కూతురి మొదటి పాలపన్ను ఎప్పుడు ఊడిందో నాకు ఈనాటికీ తెలియదు.

తిరిగి వచ్చిన రోజు వదిన పాపను కొత్త గౌను తొడిగి గుమ్మంలో నిలబెట్టింది. అదిగో మీ అమ్మ అంటే, పాప వదిన వెనక దాక్కుని, తొంగి చూసి, "కువైటమ్మ" అంది. ఎవరూ నేర్పలేదట, తనే పెట్టుకున్న పేరు. నేను వచ్చిన కొద్దిరోజులకే దానికి జ్వరం వచ్చింది. మధ్యాహ్నం వసారాలో పడుకున్న బిడ్డ కలవరిస్తూ అమ్మా అని పిలిస్తే, బియ్యం ఏరుతున్న వదినా నేనూ ఒక్కసారే లేచాం. లేచి ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వదిన ముఖంలో ఆ క్షణాన కనిపించిన భయం, అవతలి వీధివాళ్లు కత్తులతో వస్తున్నారన్నప్పుడు మా ఊరి ఆడవాళ్ల ముఖాల్లో చూసిన భయమే. నేను కూర్చుండిపోయాను.

కడుపు మండి మరునాడు బస్సెక్కి పులివెందుల వెళ్లాను. అక్క నాకంటే ముందే తిరిగి వచ్చి అక్కడ స్థిరపడింది. బిడ్డను తీసుకుని జమ్మలమడుగులో వేరే కాపురం పెడతానన్నాను. అక్క కుట్టుమిషను ఆపి నా వైపు చూసింది.

"మీ ఆయప్ప జీపు తోల్యాడు, నా తమ్ముడు పాయె. పార్టీలంటే ఏందో మనకు ఇంగొకరు చెప్పాల్నా మే?" అంది. మా ఆయన మాట ఆమె నోట రావడం అదే మొదలు. "ఇప్పుడు నువ్వు పోయి ఆ బిడ్డ చేయి ఒగపక్క గుంజుతావు, మీ వదిన ఇంగోపక్క గుంజుతాది. ఇంట్లోనే రెండు పార్టీలు పెడతాండావు."

"నా బిడ్డక్కా."

"నీ బిడ్డే, కాదన్నోళ్లెవరు? శానా ఏడ్చినావులే, ఏడ్చు. బిడ్డను మాత్రం ఏడిపించాకు."

తిరిగి వచ్చి అదే వీధిలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. పాప వదిన ఇంట్లోనే పెరిగింది. సాయంత్రాలు నా దగ్గరికి వచ్చి పాఠాలు చదువుకునేది, జడ మాత్రం వదినతోనే వేయించుకునేది. దాని వెంట వీధి వీధంతా నన్ను కువైటమ్మా అనడం మొదలుపెట్టింది. కొన్నేళ్లకు ఊరి పెద్దలిద్దరూ రాజీ పడ్డారు, సాక్షులు మాట మార్చారు, కేసు కొట్టేశారు. మా ఆయన ఆటో నడిపి, ఉన్నన్నాళ్లు ఎవరినీ నొప్పించకుండా బతికి వెళ్లిపోయాడు. పాప ఇంజనీరింగు చదివి, ఇప్పుడు కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తోంది. నన్ను ఏనాడూ తక్కువ చేయలేదు. నన్ను చూసినప్పుడు ఒక మర్యాద చూపుతుంది, చాలా ప్రేమగా, ఊరి నుంచి వచ్చిన చుట్టానికి చూపినట్టు.

కాలం ఎంత మారిందో. ఎవరి కోసం మా వాళ్లు బాంబులు విసిరారో, ఎవరి మీద విసిరారో, ఆ రెండిళ్ల కొడుకులు మొన్నటి ఎన్నికల్లో ఒకే ఫ్లెక్సీలో పక్కపక్కన నవ్వుతూ కనిపించారు. జమ్మలమడుగు వెళ్లే దారిలో బస్సు ఆ ఫ్లెక్సీ దాటుతుంటే అక్క తమ్ముడి ముఖం ఎలా ఉండేదో గుర్తు చేసుకోబోయాను, గుర్తు రాలేదు. పరదేశం వెళ్లే తల్లులు ఇప్పుడు రోజూ ఫోనులో బిడ్డను చూసుకుంటున్నారు. బిడ్డ పడిపోతే అరుస్తారు, లేపేది మాత్రం పక్కనున్న చేయే. అమ్మాయిలు వెళ్లడం మానరు, మానమని చెప్పే మనసూ నాకు లేదు. ఇంగ్లీషు దిద్దుతాను, దిద్ది పంపుతాను.

వదిన నిరుడు పోయింది. కూతురు చేయవలసినవన్నీ మా పాపే చేసింది, నేను చుట్టాలతో పాటు గోడవారన నిలబడ్డాను. అన్నీ అయ్యాక, మధ్యాహ్నం ఎవరూ లేని వంటింట్లో అది నాకు కంచం పెట్టి గుమ్మంలోకి వచ్చి పిలిచింది. "కువైటమ్మా, పొద్దుట్నించి ఏం తినలేదు, ఇంత తిందువు రా" అంది, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో. వెళ్లి తిన్నాను. కానీ పిలవడానికి అది నోరు తెరిచిన క్షణాన, వదిన మీద మట్టి ఇంకా ఆరకముందే, ఈసారైనా ఆ 'కువైట్' రాలిపోతుందేమోనని నేను చెవులు రిక్కించి ఎదురుచూశాను. నా బిడ్డను నాకంటే బాగా పెంచిన మనిషి చావులో నేను వెతుక్కున్నది అదీ.