సింధూర పట్టుకెళ్ళిన చింతపిక్కలు

నందిగామలో ఉన్న మా చెల్లెలితో ఫోన్లో మాట్లాడినప్పుడల్లా "మా సింధూర" అంటుంటాను. "ఎదురింటి పిల్ల మీదెప్పుడైందక్కా?" అని నవ్వుతుంది. నవ్వనీ.

సింధూరది తొమ్మిదో తరగతి. తండ్రి కిషోర్‌బాబు సిమెంటు లారీ నడుపుతాడు. మా జగ్గయ్యపేటలో నాకంటే ఎక్కువ ప్రశ్నలడిగే మనిషి ఈ పిల్లొక్కతే.

మొన్న వానాకాలంలో మా వీధి చివరింటి సంయుక్త బడికి పోనని మంచమెక్కింది. ఏడో తరగతి, మాట కాస్త నత్తి. మధ్యాహ్నం భోజనాల వరసలో "అ... అన్నం" అనగానే వెనకాల పెద్దపిల్లలు అలాగే నత్తిగా అని నవ్వేవారట. దాంతో బళ్ళో తిండే మానేసింది.

"దసరా దాకా చూస్తానండీ. అప్పటికీ ఇంతే అయితే మాన్పించేస్తా" అంది వాళ్ళమ్మ భారతీదేవి.

సింధూర ఊరుకుంటుందా? స్నేహితుల్ని పోగేసి బడంతా చీటీలు పంచింది. నిన్నెవరైనా ఏడిపిస్తున్నారా? ఎక్కడ? తిరిగొచ్చిన ప్రతి చీటీ మీదా "లేదు" అనే ఉంది. వాటిని మా అరుగు మీద పరుచుకుని తల పట్టుకుంది.

"చూడు మామ్మా, పరీక్ష కాగితంలాగా అందరూ పైన పేరు, రోల్ నంబరు రాసేశారు! క్లాసు లీడర్లేమో చదివి మరీ తెచ్చారు."

"ముందే చూసుకోవద్దటే?"

"నా చీటీ మీద నేనూ రాశా!"

ఇద్దరం నవ్వాం. అంతలో చింతపండు కొట్టి నేను ఆరబోసిన పిక్కల మీద దాని చూపు పడింది.

"ఇవి ఇస్తావా మామ్మా?"

"దేనికే?"

"వీటికి చేతిరాత ఉండదుగా."

పిక్కలతోపాటు నా పాత చీర కూడా పట్టుకుపోయింది. బళ్ళో ఒక గదిలో ఆ చీర అడ్డం కట్టి, వెనకాల ఏడిపించే చోటుకొకటిగా డబ్బాలు పెట్టారు: కుళాయి, బస్సు, భోజనాల వరస, ఎక్కడా లేదు. ఒక్కొక్కరే వెళ్ళి తలా ఒక పిక్క వేసి రావాలి. "మన బళ్ళో అలాంటివేం లేవమ్మా" అంటూనే హెడ్మాస్టరు వరప్రసాదరావుగారు ఒప్పుకున్నారు. సాయంత్రానికి భోజనాల డబ్బా మూత పట్టలేదు. ఆయన దాన్ని చూసి, "రేపట్నుంచి నేనూ ఆ వరసలోనే తింటా" అన్నారట.

"నేనేదో సరదాకి అన్నా" అని గొణిగాడు సంయుక్తను వెక్కిరించేవాళ్ళలో ముందుండే దిలీప్.

"నీ సరదా డబ్బా నిండిందిరా, చూసుకో" అంది సింధూర.

మర్నాటి నుంచి తొమ్మిదో తరగతి పిల్లలు తలా ఒక చిన్నపిల్లను పక్కన నిలబెట్టుకుని వరసలోకి వస్తున్నారు. సింధూర పక్కన, అది ఇంటికెళ్ళి మరీ తీసుకొచ్చిన సంయుక్త. మొదట్లో కంచం చాపేదే తప్ప నోరు విప్పలేదట. దసరా సెలవులిచ్చే ముందురోజు మాత్రం, "ఇం... ఇంకో గరిటె పప్పు" అంది. వరసంతా ఆగింది. దిలీప్ తల వంచుకుని తన కంచంలోకి చూసుకున్నాడు. ఒక్కరూ నవ్వలేదు.

ఆ సాయంత్రం సంయుక్త మా గుమ్మం ముందునుంచి వెళ్తుంటే ఆపాను. తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టదు.

"ఏం పప్పే?"

"దో... దోసకాయ పప్పు మామ్మా."

"బాగుందా?"

"ఉప్పు త... తక్కువైంది. సెలవులయ్యాక చెప్తా వాళ్ళకి."