నెగడు చుట్టూ పెరిగిన ఆసుపత్రి

మా ఆసుపత్రి రజతోత్సవ సంచికలో ఆసుపత్రి చరిత్ర రాసింది నేను. ఆరు పడకలు ఇరవై కావడానికి అధికారుల దూరదృష్టే కారణమని అందులో రాశాను. అసలు కారణం ఒక ఆకాశరామన్న ఉత్తరం. దాని ఊసు ఎత్తలేదు. ఎందుకంటే ఆ ఉత్తరం రాసిందీ నేనే.

1971 నవంబరులో నన్ను అనంతగిరి దాటాక అరకు దారిలో ఉన్న ఒక చిన్న ఊరికి ఫార్మసిస్టుగా వేశారు. హోదా ఫార్మసిస్టే గాని ఊరందరికీ కాంపౌండరునే. నాకు పైన డాక్టరుగారు, కింద వాచ్‌మన్ అప్పలస్వామి, ఆయా గురుబారి. నర్సు పోస్టు ఎప్పుడూ ఖాళీయే. డాక్టరుగారి తరువాత నేనే కదా అని తెల్లకోటుకు గంజి పెట్టించి తిరిగేవాణ్ణి.

గురుబారి పక్క కొండ మీది గూడెం మనిషి, తాత్కాలిక ఉద్యోగి. వార్డు వెనక వరండాలో రోజూ నెగడు వేసి, దాని మీద చోడి అంబలి, అంటే రాగిజావ, కాచేది. రోగులు మంచాలు వదిలేసి ఆ మంట చుట్టూ చేరేవారు. వారితో వారి బంధువులు, బంధువులతో వారి కోళ్లు. నిబంధన ప్రకారం రోగి ఆహారం పాలు, రొట్టె. ఆ రొట్టె తిని కోళ్లు బలిసేవి, అంబలి తాగి రోగులు లేచేవారు.

ఆ వరండా గోడకు ఇవతలే నా మందుల స్టోరు. అందులో స్పిరిటు, ఈథరు ఉండేవి. నిప్పురవ్వ తగిలితే భగ్గుమనే సరుకు. ఆ సంగతే చెప్పి చూశాను.

"నిప్పు నేని కొంపలో ఎవులు పడుకుంటారు బాబూ? నీకు సలి నేదేటి?" అంది గురుబారి.

"స్టోరు అంటుకుంటే అందరికీ వెచ్చగానే ఉంటుంది" అన్నాను. అందరూ నవ్వారు. నా మాటకు కాదు, నా కోటు వీపున అంటిన మసిని చూసి.

నాచేత ఉత్తరం రాయించింది ఈథరు కాదు, ఆ నవ్వు. ఆయా ఆసుపత్రిలో నిప్పు వేస్తోందని ఎడమచేత్తో వంకర అక్షరాలు పేర్చి జిల్లా వైద్యాధికారికి పంపాను. కింద 'ఒక శ్రేయోభిలాషి' అని పెట్టాను.

అలాంటి ఉత్తరాలను పైవారు చింపెయ్యరు, కిందికే పంపుతారు. 'విచారించి నివేదిక పంపవలెను' అన్న ముద్రతో అది మూడు వారాలకు మాకే తిరిగి వచ్చింది. డాక్టరుగారు దాన్ని నా ముందు పెట్టి, "మీ దస్తూరి బాగుంటుంది. విచారణ మీరే చేయండి. రాసిందెవరో కూడా తేల్చండి" అన్నారు.

ఆ విధంగా నన్ను నేనే విచారించుకున్నాను. సిబ్బంది చేతిరాత నమూనాలు తీసుకున్నాను. గురుబారిది వేలిముద్ర. అప్పలస్వామి నాలుక బయటపెట్టి, ఆ చలిలో చెమటలు కక్కుతూ రెండు లైన్లు రాశాడు. నా ఎడమచెయ్యి, అతని కుడిచెయ్యి కవలపిల్లల్లా ఉన్నాయి.

"ఏటి బాబూ, పరీచ్చ పాసైనానా?" అని అడిగాడు.

'ఆరోపణ నిజము. రాసినవారు తేలలేదు. వాచ్‌మన్ దస్తూరితో కొంత పోలిక కలదు' అని నివేదిక పంపాను.

ఆసుపత్రి ఆవరణలో నిప్పు వేయరాదని గురుబారికి మెమో వచ్చింది. ఆమెకు చదువు రాదు గనుక చదివి వినిపించింది నేనే.

"ఎవులు రాసినారంట?"

"అప్పలస్వామి రాతలా ఉంది" అన్నాను. ఆమె నెగడు మీద నీళ్లు పోసింది. తరువాత అప్పలస్వామి అంబలి గిన్నె తీసి బోర్లించింది.

వారం తిరిగేసరికి వార్డు ఖాళీ. పడకల రోజువారీ వివరం జిల్లాకు వెళ్తుంది. ఖాళీ పడకలను మైదానంలోని ఆసుపత్రికి తరలించే విషయం చూడటానికి వైద్యాధికారి స్వయంగా వస్తున్నారని తెలిసింది. పడకలు పోతే ఆయా పోస్టూ పోతుందని డాక్టరుగారు గురుబారికి చెప్పారు.

"మంచాలు నింపాలేటి, మనుసులుంటే సాలేటి?" అని ఆమె అడిగింది.

"మనుషులుంటే చాలమ్మా" అన్నారాయన.

తనిఖీ ఉదయం ఆరు మంచాల మీదా ఉతికిన దుప్పట్లున్నాయి, ఒక్క రోగి లేడు. వైద్యాధికారి చేతులు రుద్దుకుంటూ, "రోగులేరయ్యా?" అన్నారు. జవాబుగా కంచె అవతల కోడి కూసింది. వెళ్లి చూస్తే కొత్త ఆకుల పాక, మధ్యలో నెగడు, చుట్టూ పద్నాలుగు మంది రోగులు. ముందురోజు సంతలో గురుబారి అందరికీ కబురు చెప్పింది. మెమోలో ఉన్నది ఆవరణ వరకే కదా.

"ఎవరు వేశారిది?" అని ఆయన గద్దించారు.

"నానే బాబూ. బేగి లోనికి రా, సలిలో నిలబడ్డావేటి!" అని గురుబారి ఆయన చేతిలో అంబలి గిన్నె పెట్టింది.

ఆయన కూర్చున్నారు. రెండో గిన్నె కూడా అయ్యాక, "ఈ మెమో ఇచ్చిన బుద్ధిమంతుడెవరు?" అని అడిగారు.

డాక్టరుగారు నేల చూస్తూ, "తమరేనండి" అన్నారు.

ఇచ్చిన మెమోను వెనక్కి తీసుకోవడం ఆయనకు నచ్చలేదు. కంచెనే పాక అవతలికి జరిపించి, పాకను 'వంటశాల' అని రికార్డులోకి ఎక్కించారు. వంటశాలలో నిప్పు ఉండవచ్చు. కాని ఇరవై పడకలు లేని ఆసుపత్రికి వంటశాల మంజూరు కాదు. వంటశాల ఇప్పటికే ఉంది గనుక పడకలు ఇరవై చేయాలని ప్రతిపాదన రాశారు. రెండేళ్లకు పడకలు వచ్చాయి, నర్సు వచ్చింది, గురుబారి పర్మనెంటయింది. అప్పలస్వామి మాత్రం రిటైరయ్యేదాకా కోళ్లతో పోటీపడి రొట్టె తిన్నాడు.

ఈ ఏడాది స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాక, రజతోత్సవ సంచిక పట్టుకుని గురుబారి దగ్గరికి వెళ్లాను. అందులో లేని సంగతి చెప్పాను. మెమో మాట ఆమె పట్టించుకోలేదు. అప్పలస్వామి పేరు దగ్గర మాత్రం చేతిలో గంటె ఆగిపోయింది.

"పదారేళ్లు ఆడికి గంటెడు అంబలి పొయ్యనేదు బాబూ! ఎంత పని సేయించీసినావు! నాకేటి సెప్తావు, ఎల్లి ఆడికి సెప్పు" అని ఒక క్యాన్ నిండా అంబలి పోసి నా చేతికిచ్చింది.

సంతకం పెట్టడానికి జంకే కాగితం రాయకూడదన్నది నా సర్వీసు మొత్తంలో ఈ ఒక్క సంఘటన నేర్పిన పాఠం. ఆ క్యాన్ ఒళ్లో పెట్టుకుని ఘాటు దిగే బస్సులో శృంగవరపుకోట వెళ్లాను. అప్పలస్వామి తన ఇంటి అరుగు మీద ఉన్నాడు. ఉద్యోగంలో అతన్ని ఏనాడూ 'గారు' అనలేదు.

"అప్పలస్వామిగారూ, ఆ ఉత్తరం రాసింది నేను. మీ మీదికి తోసిందీ నేనే. నన్ను క్షమించండి" అన్నాను.